నాలుగు గంటలకొక పంక్తి: ఓడల లాగ్‌బుక్కుల్లో వాతావరణం

అధ్యక్షులకు, పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఈ బల్ల మీదున్న కాన్వాసు బకెట్టును చూసి ముందు వరుసలో కొందరు ఇందాకటి నుంచి నవ్వుకుంటున్నారు. హాలు తుడిచినవారు మరచిపోయి వదిలేసినది కాదు, నేనే తెచ్చాను. దాని సంగతి చివర్లో చెబుతాను. అంతకు ముందు మాట్లాడవలసినది ఒక పుస్తకం గురించి. ప్రతి ఓడలోనూ ఉండేది, ఎవరూ ఇష్టపడి రాయనిది, ఆ తరువాత ఎవరూ ఇష్టపడి చదవనిది, లాగ్‌బుక్.

సముద్ర చరిత్ర అనగానే మన మనసులో మెదిలేవి మునిగిన ఓడలు, గెలిచిన యుద్ధాలు, కొత్తగా కనబడిన తీరాలు. నేను చాలా ఏళ్లు ఓడల మీద పనిచేసి, ఆ తరువాత పాత లాగ్‌బుక్కులు చదివే వ్యసనంలో పడ్డవాణ్ణి. ఆ అనుభవంతో చెబుతున్నాను, వాటిలో చాలా పుటల్లో ఏమీ జరగదు. గాలి నైరుతి నుంచి మోస్తరుగా వీచింది, ఆకాశంలో చెదురుమదురుగా మేఘాలున్నాయి, కళాసీలు చిరిగిన తెరచాపలకు మాసికలు వేశారు, రెండు పీపాల మంచినీళ్లు వాడారు అన్న ధోరణిలోనే నెలల తరబడి సాగిపోతుంది. అయితే ఏమీ జరగని ఆ గంటల రాతల మీదనే ఇవాళ్టి వాతావరణ శాస్త్రం చాలా వరకు నిలబడి ఉన్నదనీ, గొప్ప తుఫానులు దానికి గుర్తింపు తెచ్చాయే గాని దాన్ని నిర్మించినవి మాత్రం మామూలు రోజులేననీ నా వాదన.

ముందుగా ఆ పంక్తి ఎలా పుట్టేదో చూద్దాం. తెరచాపల కాలపు ఓడలో రోజును నాలుగేసి గంటల వాచ్‌లుగా, అంటే కాపలా వంతులుగా, విభజించేవారు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకున్న వాచ్‌ను మాత్రం రెండు ముక్కలు చేసేవారు. అలా చేయకపోతే ఒకే జట్టుకు ప్రతిరోజూ నడిరాత్రి వంతే పడుతుంది. అరగంట ఇసుక గడియారాన్ని తిప్పినప్పుడల్లా గంట కొట్టేవారు, ఎనిమిది గంటలు కొడితే వంతు తీరినట్టు. వేగం తెలుసుకోవడానికి ముగ్గురు మనుషులు ఓడ వెనుక భాగానికి చేరేవారు. ఒకడు సీసం బిగించిన చెక్క ముక్కను తాడుకు కట్టి నీళ్లలోకి విసిరేవాడు, ఒకడు తాడు చుట్టిన రాట్నాన్ని ఎత్తి పట్టుకునేవాడు, మూడోవాడు 28 సెకన్ల ఇసుక గడియారాన్ని తిప్పేవాడు. చెక్క నీళ్లలో ఉన్నచోటే నిలబడుతుంది, ఓడ ముందుకు పోతుంది, తాడు చేతుల మధ్య నుంచి జారిపోతుంది. ఆ తాడుకు సుమారు 47 అడుగుల 3 అంగుళాలకొక ముడి వేసి ఉంటుంది. ఇసుక అయిపోయేలోగా ఎన్ని ముడులు జారాయో అన్ని నాట్లు. నేటికీ ఓడల వేగాన్ని, గాలి వేగాన్ని నాట్లలోనే చెబుతున్నామంటే ఆ తడి తాడు ముడులనే లెక్కపెడుతున్నామన్నమాట.

వేగం, దిశ, గాలి, ఆకాశం, ఇవన్నీ ముందుగా సుద్దతో పలక మీద రాసేవారు. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు అక్షాంశం చూసుకుని, పలక మీది రాతను పుస్తకంలోకి ఎక్కించి, పలక తుడిచేసేవారు. పాత బ్రిటిష్ నౌకాదళపు పుస్తకాలు చదివే కొత్తవారు ఒక తికమకలో పడతారు, నేనూ పడ్డాను. 1805 వరకూ ఆ ఓడల రోజు మధ్యాహ్నం పన్నెండింటికి మొదలయ్యేది, అదీ నేల మీది తేదీ కంటే పన్నెండు గంటలు ముందుగా. అంటే లాగ్‌బుక్‌లో 10వ తేదీ సాయంత్రమని ఉంటే ఊళ్లో అది 9వ తేదీ సాయంత్రమే. సాయంత్రం ముందు వచ్చి, తెల్లవారుజాము తరువాత వస్తుంది. ఈ సంగతి తెలియక తుఫానుకు ఒక రోజు తరువాతి తేదీ వేస్తే, పక్క ఓడ రాసిన తుఫానుతో అది కలవదు, అప్పుడు ఒకే తుఫాను కాస్తా రెండవుతుంది.

తేదీ చిక్కు అలా ఉంచితే, అసలు చిక్కు మాటలది. ఒక అధికారి జోరుగాలి అన్నది మరొకడికి చల్లని పిల్లగాలి. తొలి ప్రయాణంలో ఉన్న కుర్రవాడికి ప్రతి గాలీ తుఫానే, దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ నాలుగుసార్లు చుట్టివచ్చినవాడికి తుఫాను కూడా మోస్తరు గాలే. డచ్చి నావికులు ఈ విషయంలో కొంత తెలివిగా ఉండేవారు. ఏ గాలికి ఏ తెరచాప నిలుస్తుందో ఆ తెరచాప పేరుతోనే గాలిని పిలిచేవారు. బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ చేసినదీ ఈ దారిలోనిదే. 1806 జనవరి 13న ఆయన తన సొంత లాగ్ పుస్తకంలో, ఇకమీదట గాలి బలాన్ని ఈ కింది అంకెల ప్రకారం అంచనా వేస్తానని రాసుకున్నాడు. లోకానికి ప్రకటించిన సిద్ధాంతం కాదది, పనిలో ఉన్న మనిషి తన సౌకర్యం కోసం వేసుకున్న పట్టిక.

తరువాతి కాలంలో ఆ పట్టిక కుదురుకున్న రూపాన్ని కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే అందులో గాలి వేగం ఎక్కడా లేదు. తెరచాపలన్నీ ఎత్తిన యుద్ధనౌక నున్నని నీటిలో ఒకటి రెండు నాట్ల వేగంతో కదిలితే గాలి బలం 2, మూడు నాలుగు నాట్లయితే 3, ఐదారు నాట్లయితే 4. అక్కడి నుంచి పైకి పోయేకొద్దీ ఓడ ఎంత వేగంగా పోతున్నదన్న ప్రశ్న పోయి, ఏ తెరచాపలు దించకుండా నిలపగలదన్న ప్రశ్న వస్తుంది. చివరి మెట్టు 12, ఏ గుడ్డా నిలవలేని గాలి. అంటే ఓడే కొలిచే పరికరం. చేతిలో వేరే పరికరం అక్కరలేదు, తలెత్తి చూస్తే చాలు. ఆకాశానికి కూడా ఆయన ఒక్కొక్క అక్షరం కేటాయించాడు. నీలాకాశానికి ‘బి’, విడివిడి మేఘాలకు ‘సి’, పూర్తిగా మూసుకుపోతే ‘ఓ’, వానకు ‘ఆర్’. వాటిలో నాకు అత్యంత ప్రియమైనది ‘యు’. వికారంగా, బెదిరిస్తున్నట్టుగా ఉన్న ఆకాశానికి గుర్తు అది. శాస్త్రీయమైన పట్టికలో భయానికి కూడా ఒక అక్షరం దొరికింది. 1829లో బ్యూఫోర్ట్ నౌకాదళపు హైడ్రోగ్రాఫర్, అంటే సముద్ర పటాల అధికారి, అయ్యాడు. 1831లో బయలుదేరిన బీగిల్ ఓడ ఈ కొలమానాన్ని వాడింది, 1838లో బ్రిటిష్ నౌకాదళమంతటికీ ఇది నియమమైంది.

ఆవిరి ఓడలు వచ్చి తెరచాపలు మాయమయ్యాక ఈ కొలమానం చచ్చిపోవలసింది. చావలేదు, తెరచాపల స్థానంలోకి సముద్రమే వచ్చింది. అలల తలలు అక్కడక్కడ తెల్లగా విరుగుతుంటే 3, నురుగు తలలు తరచుగా కనిపిస్తే 4, నురుగు గాలివాటున చారలు చారలుగా సాగితే 7. 1927లో పీటర్ పీటర్సన్ అనే జర్మన్ కెప్టెన్ ఈ వర్ణనలను ఒక క్రమంలో పెట్టాడు. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఓడలో గాలి కొలిచే యంత్రం ఉన్నా, ఓడ నడిపే బ్రిడ్జి గది కిటికీలోంచి నీళ్లను చూసి ముందు మనసులో ఒక అంకె అనుకుని, ఆ తరువాతే యంత్రం వైపు చూసేవాళ్లం. రెండూ కలవకపోతే యంత్రాన్ని అనుమానించేవాళ్లమే తప్ప సముద్రాన్ని అనుమానించిన సందర్భం నాకు గుర్తు లేదు.

పరికరాన్ని అనుమానించడం కొత్తేమీ కాదు. 1703 నవంబరు చివర ఇంగ్లండును ఒక భయంకరమైన తుఫాను తాకింది. దానికి ముందు రచయిత డానియల్ డిఫో లండన్‌లోని తన ఇంట్లో, గాలి పీడనం కొలిచి తుఫానును ముందే సూచించే బారోమీటరు చూశాడు. పాదరసం మునుపెన్నడూ లేనంత కిందికి దిగి ఉన్నది. ఆయనకు కలిగిన మొదటి ఆలోచన తుఫాను గురించి కాదు, పిల్లలెవరో గొట్టాన్ని కదిలించి ఉంటారని. పిల్లలున్న ఇంట్లో ఎవరికైనా వచ్చే ఆలోచనే అది. వారం దాటి చదివితే అది చారిత్రక ఆధారం, ఆ సాయంత్రం మాత్రం అది పిల్లల అల్లరి.

వినేవాడు లేకపోతే తెలిసిన మాట కూడా ఇలాగే వృథా అవుతుంది. 1760ల చివర ఇంగ్లండులోని ఫాల్మత్ నుంచి న్యూయార్క్ వెళ్లే ఉత్తరాల ఓడలు సరుకుల ఓడల కంటే రెండేసి వారాలు ఆలస్యంగా చేరుతున్నాయన్న ఫిర్యాదు అప్పట్లో అమెరికా వలసల తపాలా అధికారిగా ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ దగ్గరకు వచ్చింది. నాంటకెట్ దీవికి చెందిన తిమింగిలాల వేటగాడు, తన బంధువు తిమోతీ ఫోల్జర్‌ను ఆయన కారణం అడిగాడు. తిమింగిలాలు అట్లాంటిక్ సముద్రంలోని గల్ఫ్ స్ట్రీమ్ ప్రవాహపు అంచుల్లోనే దొరుకుతాయి, అందువల్ల ఆ ప్రవాహాన్ని అటూ ఇటూ దాటడం వేటగాళ్లకు నిత్యకృత్యం. ప్రవాహానికి ఎదురీదుతున్న ఉత్తరాల ఓడలు కనబడితే పక్కకు తప్పుకోమని చెప్పేవారట. మామూలు చేపలవాళ్ల సలహా వినే అవసరం మాకేమిటన్నట్టు ఆ కెప్టెన్లు సాగిపోయేవారట. ఫోల్జర్ గీసి ఇచ్చిన దాన్ని ఫ్రాంక్లిన్ పటంగా అచ్చు వేయించినా వాళ్లు పట్టించుకోలేదు.

ఆ పొగరు అణగడానికి మరో ఎనభై ఏళ్లు పట్టింది, అదీ ఒక కుంటికాలి పుణ్యమాని. అమెరికా నౌకాదళంలో మాథ్యూ మౌరీ అనే అధికారి 1839లో గుర్రపు బండి ప్రమాదంలో కాలు దెబ్బతిని ఓడ ఎక్కే అవకాశం పోగొట్టుకున్నాడు. 1842లో పటాలు, పరికరాలు భద్రపరిచే కార్యాలయాన్ని ఆయనకు అప్పగించారు. అక్కడ యుద్ధనౌకల పాత లాగ్‌బుక్కులు గుట్టలుగా పడి ఉన్నాయి. మౌరీ వాటిని తీసి, సముద్రాన్ని గళ్లుగా విభజించి, ఏ గడిలో ఏ నెలలో గాలి ఎటునుంచి ఎన్నిసార్లు వీచిందో లెక్క వేయించాడు. ఎక్కడో ఒక అధికారి విసుగ్గా రాసిన మామూలు మంగళవారం, వేరే ఓడలో మరొకడు రాసిన మామూలు మంగళవారంతో కలిసినప్పుడు అర్థవంతమైంది. 1847 నుంచి పటాలు వెలువడ్డాయి. ఆయన పెట్టిన షరతు ముచ్చటైనది. తన పద్ధతిలో లాగ్ నింపి పంపే కెప్టెన్‌కు పటం ఉచితం, అంటే పటానికి ధర మరిన్ని మామూలు రోజులు.

ఈ పటాలను ఎలా వాడాలో తెలిసినవారిలో ఎలినార్ క్రీసీ పేరు తప్పక చెప్పుకోవాలి. ఫ్లయింగ్ క్లౌడ్ అనే క్లిప్పర్, అంటే వేగంగా పోయే తెరచాపల ఓడకు ఆమె భర్త కెప్టెన్, దారి లెక్క కట్టేది ఆమె. 1851లో న్యూయార్క్ నుంచి కేప్ హార్న్ చుట్టి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఆ ఓడ 89 రోజుల 21 గంటల్లో చేరింది. 1854లో ఆ లెక్కను పదమూడు గంటలు తగ్గించి 89 రోజుల 8 గంటలకు తెచ్చారు. రికార్డు సంగతి అందరూ చెబుతారు. నేను ఊహించుకునేది, ఊగుతున్న గదిలో దీపం కింద ప్రతి మధ్యాహ్నపు కొలతనూ కాగితం మీద పెట్టుకుని, రేపటి గాలి ఏ గడిలో దొరుకుతుందో వెతుక్కునే ఆ మనిషిని. 1853లో బ్రస్సెల్స్‌లో పది దేశాల ప్రతినిధులు కూర్చుని, ఓడలన్నీ ఒకే నమూనాలో వాతావరణం రాయాలని ఒప్పుకున్నారు. ఒకరినొకరు ఏనాడూ నమ్మని నౌకాదళాలు గడుల పట్టిక విషయంలో ఒక్కమాట మీదికి రావడం చిన్న విషయం కాదు.

లాగ్‌బుక్ ఒక్కటే సాక్షిగా ఒక శాస్త్రీయ సత్యం తేలిన కథ మరొకటి ఉన్నది. 1845 ఫిబ్రవరిలో మారిషస్ దగ్గర చార్లెస్ హెడిల్ అనే చిన్న ఓడ తుఫానులో చిక్కింది. గాలికి వీపు పెట్టి పరుగెత్తడం తప్ప మరో దారి లేక, దాదాపు ఐదు రోజుల పాటు అలాగే పోయింది. ఆ ఐదు రోజుల్లోనూ వాచ్ అధికారులు గాలి దిశ రాస్తూనే ఉన్నారు. ఆ రాతలు కలకత్తాలో ఉండి తుఫానులను పరిశీలిస్తున్న హెన్రీ పిడింగ్టన్ చేతికి వచ్చాయి. పటం మీద పెట్టి చూస్తే ఆ ఓడ వెయ్యి మైళ్లకు పైగా పరుగెత్తి, తుఫాను కేంద్రం చుట్టూ ఐదు చుట్లు తిరిగి, బయలుదేరిన చోటికి మరీ దూరం కాకుండానే తేలింది. డెక్ మీద చుక్కాని పట్టుకున్నవాడు తిన్నగా పారిపోతున్నాననే అనుకుని ఉంటాడు. 1848లో పిడింగ్టన్ ఇటువంటి గాలులకు, పాము చుట్టను తలపించే గ్రీకు మాట నుంచి ‘సైక్లోన్’ అని పేరు పెట్టాడు. ఇవాళ టీవీలో ఆ మాట విన్నప్పుడల్లా నాకు కనిపించేది ఆ చిన్న ఓడే.

ఇంత వరకూ రాసినదంతా జరిగిపోయిన దాని గురించే. రాబోయేదాన్ని చెప్పవచ్చునన్న ధైర్యం బీగిల్ ఓడ కెప్టెన్ రాబర్ట్ ఫిట్జ్‌రాయ్‌కి వచ్చింది. బ్రస్సెల్స్ సమావేశం పర్యవసానంగా 1854లో బ్రిటన్‌లో ఏర్పడిన చిన్న వాతావరణ విభాగానికి ఆయన అధిపతి. 1859 అక్టోబరులో మెల్బోర్న్ నుంచి బంగారంతో, ప్రయాణికులతో లివర్‌పూల్‌కు వస్తున్న రాయల్ చార్టర్ ఓడ, ఇల్లు కనుచూపు మేరలో ఉండగా వేల్స్‌లోని ఆంగ్లసీ తీరాన బద్దలై సుమారు 450 మంది చనిపోయారు. అదే తుఫానులో మరెన్నో ఓడలు పోయాయి. ఆనాటి కొలతలన్నీ కూడదీసి చూసిన ఫిట్జ్‌రాయ్, ఈ తుఫాను వస్తున్నదని టెలిగ్రాఫ్ ద్వారా ముందే చెప్పగలిగేవాళ్లమని నిరూపించాడు. 1861 ఫిబ్రవరి నుంచి రేవుల్లో కాన్వాసు శంకువులు కొయ్యలకెక్కాయి. మొన పైకి ఉంటే ఉత్తరపు గాలి, కిందికి ఉంటే దక్షిణపు గాలి. 1861 ఆగస్టు 1న వార్తాపత్రికలో తొలి వాతావరణ సూచన అచ్చయింది. ఇది జోస్యం కాదని ఆయన ఎంత చెప్పినా, తప్పిన రోజున నవ్వినవారు కుదిరిన రోజున మాట్లాడలేదు. 1865 ఏప్రిల్ 30న ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. మరుసటి ఏడాది పండితుల సంఘమొకటి ఈ సూచనలకు శాస్త్రీయ పునాది లేదని తేల్చి ఆపించింది. తుఫాను హెచ్చరికలు మళ్లీ కావాలని పట్టుబట్టినవారు పండితులు కారు, ఓడలవాళ్లు, జాలరులు. 1867లో శంకువులు తిరిగి పైకెక్కాయి.

ఇక మౌరీన్ ఫ్లావిన్ దగ్గరకు వద్దాం. ఐర్లండ్ పశ్చిమ తీరాన బ్లాక్‌సాడ్ దగ్గర తపాలా కార్యాలయంలో ఆమె సహాయకురాలు. బారోమీటరు చూసి అంకెలు పంపడం ఆమె పనుల్లో ఒకటి. 1944 జూన్ 3న, తన 21వ పుట్టినరోజున, పీడనం వేగంగా పడిపోతున్నదని పంపింది. ఎవరో ఇంగ్లండు నుంచి ఫోన్ చేసి, దయచేసి సరిచూడండి, మళ్లీ చెప్పండి అన్నారు. సరిచూసి, మళ్లీ చెప్పారు. మళ్లీ ఫోన్ వచ్చింది, మళ్లీ సరిచూశారు. ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం మీద దిగవలసిన మిత్రరాజ్యాల సేనల ప్రయాణం జూన్ 5 నుంచి 6కు మారడానికి ఆ అంకెలు కూడా కారణమని ఆమెకు తెలిసింది ఎన్నో ఏళ్ల తరువాత. పాదరసం తగ్గితే డిఫో పిల్లలను అనుమానించాడు, ఇక్కడ సహాయకురాలిని అనుమానించారు. తేడా ఏమిటంటే, ఈసారి మళ్లీ అడిగారు.

ఇప్పుడు బకెట్టు. సముద్రపు నీటి ఉష్ణోగ్రత తెలియాలంటే బకెట్టును తాడుతో దించి, నీళ్లు చేది, థర్మామీటరు పెట్టాలి. కాన్వాసు తడిసి గాలికి ఆరుతుంటుంది, మన కుండలో నీళ్లలాగే ఇందులో నీళ్లూ చల్లబడతాయి. అధికారి కొంచెం ఆలస్యం చేస్తే అంకె కొంచెం తగ్గుతుంది. మరో పద్ధతి, ఇంజన్ చల్లబరచడానికి లోపలికి తీసుకునే నీటిని కొలవడం. ఇంజన్ గది వేడికి ఆ అంకె కొంచెం పెరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మనకు దొరికే కొలతల్లో ఎక్కువ భాగం అమెరికన్ ఓడలవి, అవి చాలావరకు ఇంజన్ నీటిని కొలిచేవి. 1945లో యుద్ధం ముగియగానే, బకెట్టు వాడే బ్రిటిష్ ఓడల వాటా పెరిగింది. ఫలితంగా 1945 ఆగస్టు తరువాత ప్రపంచ సముద్రాల ఉష్ణోగ్రత రికార్డులో సుమారు 0.3 డిగ్రీల సెల్సియస్ మేర ఒక్కసారిగా పడిపోయినట్టు కనబడుతుంది. సముద్రం చల్లబడలేదు, నీళ్లు చేదే పద్ధతి మారింది. 2008లో ఒక పరిశోధక బృందం దీన్ని విప్పి చెప్పేవరకూ ఆ మెట్టు రికార్డులో అలాగే ఉండిపోయింది.

ఈ సంగతి చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే నేనూ ఆ రికార్డును పాడుచేయబోయినవాణ్ణే. కేడెట్‌గా నా తొలి ప్రయాణంలో తెల్లవారుజామున నాలుగు నుంచి ఎనిమిది వాచ్‌లో, వాన పడుతుంటే డెక్ వెనుక వైపుకు వెళ్లడానికి బద్ధకించి, ముందు వాచ్ వాడు రాసిన నీటి ఉష్ణోగ్రతనే కింది గడిలో దించేశాను. చీఫ్ ఆఫీసర్ పుస్తకం చూశారు, నా చొక్కా చూశారు. చొక్కా పొడిగా ఉన్నది. ఏమీ అనలేదు. గోడకు తగిలించిన బకెట్టు తీసి నా చేతికిచ్చి, వెనుక వైపుకు దారి చూపించారు. తడిసి ముద్దయి, రెండుసార్లు బకెట్టు ఖాళీగా పైకి లాగి, మూడోసారి నీళ్లు తెచ్చి చూస్తే, నేను రాసిన అంకెకు మూడు డిగ్రీల తేడా. రాత్రికి రాత్రి ఓడ ఒక ప్రవాహపు అంచు దాటింది. పాత అంకెను కొట్టివేసి, పక్కన కొత్తది రాసి, నా పేరు పొడి అక్షరాలతో సంతకం చేయించారు. లాగ్‌బుక్‌లో చెరపడం ఉండదు.

ఓడ దిగేటప్పుడు అడిగి తెచ్చుకున్న అదే బకెట్టు ఇది. చూడదలచినవారు వేదిక మీదకు రావచ్చు. అడుగున సీసపు వలయం ఉన్నది, పొట్ట చుట్టూ కాన్వాసు రెండు పొరలు. పట్టుకుని ఊపి చూడండి, ఖాళీగా ఉన్నా తాడు అరచేతిని ఒరుసుకుంటుంది.